నాలుగో దెబ్బ

నా సంగీతం మొదటిసారి విన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "బాగానే ఉంది గానీ, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అప్పటికి ఆరు నిమిషాల ట్రాక్‌లో అయిదు నిమిషాలు గడిచిపోయి ఉంటాయి. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. దీన్ని డీప్ హౌస్ అంటారనీ, అందులోనూ నేను చేసేది బాగా తక్కువ సరుకుతో చేసే రకమనీ, పాడేవాళ్లు ఉండరనీ, ఒక దెబ్బ నిలకడగా పడుతూ ఉంటే దాని కింద బేస్ ఊపిరిలా పోయి వస్తుందనీ, పైన అప్పుడప్పుడు ఏదో చిన్న చప్పుడు వచ్చి పలకరించి పోతుందనీ. ఇప్పుడు ఆ ఉపన్యాసం మానేశాను. "అయిపోయింది" అని చెప్పి హెడ్‌ఫోన్లు తీసేసుకుంటాను.

మాది సురంగల్. మొయినాబాద్‌లో ఒక కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. సంగీతం నేను ఒక్కదాన్నే, ఇంటి వెనక గదిలో చేసుకుంటాను. ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు, అరచేతిలో పట్టే రికార్డర్, రూపాయి బిళ్లంత మైకు ఒకటి. ఆ మైకును దేనికి అంటిస్తే దాని లోపలి చప్పుడు పట్టుకుంటుంది. చాలా ఏళ్ల కింద పట్నంలో కంప్యూటర్ కోర్సుకు పోయినప్పుడు పక్క సీటు అమ్మాయి తన హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. ఆ రోజు మొదలైన పిచ్చి ఇది. ఇప్పటికీ కుదరలేదు.

ఒకసారి జన్వాడ దగ్గర ఫామ్‌హౌస్‌లో పుట్టినరోజు పార్టీకి పిలిచారు. పట్టపగలు, ఈత కొలను పక్కన. సరిగ్గా నాలుగు నిమిషాలు వాయించానో లేదో, ఆ పుట్టినరోజు పెద్దమనిషి వచ్చి "అక్కా, కరెంటు గిట్ల పోయిందా?" అన్నాడు. వైర్లు చుట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు కోపంగానే ఉన్నాను గానీ, లోపల కొంచెం గర్వం కూడా ఉంది. ఎందుకంటే నా పని అదే. తీసేయడం. పది చప్పుళ్లు పెట్టి తొమ్మిది తీసేస్తాను. ఉన్నదాన్ని సాపు చేసి, అక్కర్లేనిది ఊడ్చి పారేస్తాను. తీసేసినవి దాచుకునే అలవాటు కూడా నాకు లేదు. దాచుకుంటే మళ్లీ మనసు అటు పోతుంది. ఈ అలవాటు గురించి అప్పట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పాట ఎప్పుడు మొదలవుతుందని నన్ను ఎన్నడూ అడగని మనిషి ఒక్కడే. మా బాపు. ఆయనకు చెవులు మందగించాయి. మాటలు సగం వినపడేవి కావు. కానీ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ట్రాక్ మొత్తం అట్లాగే కూచునేవాడు. అయిపోయాక ఒకటే మాట. "నడుస్తున్నది బిడ్డ, మంచిగ నడుస్తున్నది." సంగీతం గురించి నాకు దొరికిన మెప్పుల్లో దాన్ని మించింది లేదు.

బాపు చేతికి ఆ చప్పుడు తెలియడంలో వింత లేదు. మాది డప్పు కొట్టిన ఇల్లు. చావుకు, దండోరాకు, జాతరకు, పిలిస్తే పోవాలి. పిలవకపోయినా పోవాలి. మా తాత బాప్తిస్మం తీసుకున్న రోజు డప్పు వదిలేశాడు. ఆయనకు డప్పు వదలడమంటే వెట్టి వదలడం. "ఇగ ఎవని పీనుగ ముంగట నడువ" అన్నాడట. ఇంట్లో ఉన్న డప్పును సంఘంలో కలవని తన అన్న ఇంట్లో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత కొడుకును చేవెళ్ల హైస్కూల్లో వేశాడు. ఆ రోజుల్లో మా వాడలో అది ఎంత పెద్ద పనో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

ఆ కొడుకు, అంటే మా బాపు, అరవై తొమ్మిదిలో చేవెళ్లలో చదువుతున్నాడు. బళ్లు మూతపడ్డాయి. బస్సులు నడిస్తే నడిచేవి, లేకుంటే లేదు. ఊరూరా పోరగాళ్లు రోడ్ల మీదికి వచ్చి జై తెలంగాణ అంటున్నారు. చేవెళ్లలో సభ ఉందంటే, మొయినాబాద్ నుంచి కుర్రాళ్లంతా నడిచి పోదామని తీర్మానం చేసుకున్నారు. పది మైళ్ల పైమాట. అంత దూరం ఉత్త నోటితో నడిస్తే ఊపు రాదు, డప్పు కావాలన్నారు. డప్పు ఎవరి ఇంట్లో ఉందో బాపుకు తెలుసు. పెదతాత ఇంటికి పోయి, గోడకున్న డప్పు తీసుకుని, మొయినాబాద్ రోడ్డు మీద ఇంత గడ్డి కాల్చి, తోలు బిగిసేలా దాన్ని కాపి, మెడలో వేసుకున్నాడు. తాత వదిలిపెట్టిన డప్పు మళ్లీ నడిరోడ్డు మీద మోగింది.

చేవెళ్ల కనిపించకముందే పోలీసులు ఆపారు. ఎవరి లాఠీయో బాపు ఎడమ మోకాలి మీద పడింది. ఆ కాలు మళ్లీ పూర్తిగా తిన్నగా కాలేదు. నేను పుట్టినప్పటి నుంచీ చూసింది ఆ నడకే. కుడికాలు ముందు పడుతుంది, ఎడమకాలు ఒక పిసరు వెనకబడి, నేలను రాసుకుంటూ వస్తుంది. ఇంట్లో ఏ మూల ఉన్నా బాపు వస్తున్నాడని ఆ చప్పుడుతో తెలిసిపోయేది.

తర్వాత సంగతి మోకాలి దెబ్బ కంటే పెద్దది. ఆదివారం చర్చిలో సంఘ పెద్దలు ఆయన్ను లేపి నిలబెట్టారు. డప్పు మళ్లీ ఎత్తుకున్నాడు గనక ప్రభువు బల్లకు రావద్దన్నారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు మా నాయనమ్మ కొడుకు పక్కన కూచుని ఏడ్చేదట. తాత మాత్రం ఏడవలేదు, తిట్టలేదు. మూడు నెలలు కొడుకుతో మాట్లాడలేదు. ఆఖరికి బాపు చర్చి అయ్యగారి ఎదుట నిలబడి, తాత వైపు చూస్తూ మాట ఇచ్చాడు. డప్పు తోలు మీద ఇక తన చెయ్యి పడదని. పడలేదు. యాభై ఏళ్లు దాటినా పడలేదు. ఊళ్లో ఎవరి పెళ్లిలోనైనా డప్పు మోగితే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

అయితే ఆ చేతులు ఊరుకునేవి కావు. బల్ల, తలుపు, ట్రంకు పెట్టె, చర్చి బెంచీ, ఏది దొరికితే దాని మీద వేళ్లు ఆడుతూనే ఉండేవి. నేను చిన్నప్పుడు ఒకసారి నిలదీశాను. "మాట ఇచ్చినవంట గదా బాపు, మరి గిదేంది?" ఆయన చాలా గంభీరంగా ముఖం పెట్టి, "తోలు ముట్టనన్న గని కట్టె ముట్టనన్ననా?" అన్నాడు. అవ్వ వంటింట్లో నుంచి పకపకా నవ్వింది. మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం.

ఆ వేళ్లకు ఒక వేళ ఉండేది. పొద్దున్నే మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే, మంచం పట్టె మీద నాలుగు దెబ్బలు వేసేవాడు. మళ్లీ నాలుగు. మళ్లీ నాలుగు. అట్లా ఒక నిమిషం. అది వినగానే అవ్వ వంటింట్లో నుంచి "లేసినవా? వస్తున్న ఆగు" అని చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది. చక్కెర జబ్బు వచ్చాక చక్కెర లేని చాయ్, వెడల్పు గాజు గ్లాసులో. నేను ఎరిగిన పొద్దులన్నీ అట్లాగే తెల్లారాయి. ఇంట్లో గడియారం ఉంది గానీ దాన్ని నమ్మినవాళ్లు లేరు.

ఆ రోజు రోడ్డు మీద ఆయన కొట్టింది ఎట్లా ఉండేదో వినాలని నాకు చాలా కోరిక. ఎన్నిసార్లు అడిగానో. "ఏమున్నది చెప్పుటానికి? ఒక సాలు చదువు పోయింది, అంతే" అనేవాడు. రాష్ట్రం వచ్చాక అరవై తొమ్మిదిలో ఉన్నవాళ్లను పిలిచి శాలువాలు కప్పుతున్నారని ఎవరో చెప్తే, "నాకు శాలువ ఉన్నది" అని పాత దుప్పటి చూపించాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఇంత బతుకు లోపల పెట్టుకుని, కన్నబిడ్డకు కూడా చూపించకపోతే ఎట్లా అని. ఇప్పుడు ఆ కోపం తలుచుకుంటే నా మీద నాకే నవ్వు వస్తుంది. రోజూ పొద్దున చూపిస్తూనే ఉన్నాడు. నాకే కనపడలేదు.

ఆయన చివరి చలికాలంలో, ఆ నాలుగు దెబ్బలైనా పట్టుకుందామని మైకు తీసుకుపోయి మంచం పట్టె కింద అంటించాను. "గిదేంది?" అన్నాడు. "నీ చప్పుడు పట్టుకుంట బాపు. ఒక పాట చేస్త." మైకును అటూ ఇటూ తడిమి చూసి, "పట్టుకో. తోలైతే కాదు గద" అన్నాడు. వారం రోజులు, పొద్దుపొద్దున ఆయన లేచే ముందే రికార్డర్ నొక్కి పెట్టాను.

వచ్చిన చప్పుడు వింటే ప్రాణం లేచి వచ్చింది. ముసలి చెక్క, ముసలి వేళ్లు. టక్కుమనే చప్పుడు కాదు. లోపలి నుంచి వచ్చే మెత్తటి మోత. అట్లాంటి చప్పుడు ఏ యంత్రంలోనూ దొరకదు. కానీ ఒకటే ఇబ్బంది. మూడు దెబ్బలు సరిగ్గా పడుతున్నాయి. నాలుగోది ఆలస్యంగా వస్తోంది. ఏడు రోజులూ అంతే. వయసు కదా, వేళ్లు వణుకుతున్నాయి అనుకున్నాను.

మా పనిలో దీనికి మందు ఉంది. తెర మీద సమానంగా గీతలు ఉంటాయి. ఒక్క మీట నొక్కితే అటూ ఇటూ పడ్డ దెబ్బలన్నీ జరిగి, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా, తమ తమ గీతల మీద నిలబడతాయి. నొక్కాను. నాలుగో దెబ్బ కూడా వచ్చి వరసలో నిలబడింది. చక్కగా కుదిరింది. దాని కింద కిక్ అనే బరువైన డ్రమ్ము దెబ్బ పెట్టాను, నిమిషానికి నూట పద్దెనిమిది. బేస్ రెండే స్వరాలు. ఇంకేమీ పెట్టలేదు. సాపు చేసిన నాలుగు దెబ్బలు ఉంచుకుని, అలవాటు ప్రకారం మిగతా వారం రోజులదీ తుడిచేశాను. ట్రాక్ నెట్‌లో పెట్టాక ఎక్కడో దూరదేశం మనిషి ఒకాయన ఎంత శుభ్రంగా ఉందో అని రాశాడు. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

బాపుకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. ఆరు నిమిషాలూ విన్నాడు. కళ్లు తెరిచి, "మంచిగనే ఉన్నది బిడ్డ. ఎవలు కొట్టిండ్రు?" అన్నాడు.

"నువ్వే బాపు! మంచం మీద నువ్వు కొట్టిందే గది" అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

ఆయన నవ్వాడు. "నేను గింత సక్కగ ఎన్నడు నడ్సిన్న?"

నేను చెప్పిందొకటి, ఆయన అనేదొకటి. చెవులు కదా పాపం అనుకున్నాను. నేనూ నవ్వాను. హెడ్‌ఫోన్లు తీసి వైరు చుట్టాను. ఆ రోజు ఇంకొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

వానలు పడే రోజుల్లో బాపుకు జ్వరం పట్టుకుంది. చేవెళ్ల దవాఖానలో నాలుగు రోజులు ఉన్నాడు. అయిదో రోజు తీసుకొచ్చాం. సురంగల్‌లో చర్చి వెనక పాతిపెట్టాం. పాటలు పాడారు. డప్పు లేదు. పెదతాత మనవళ్లు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు, వాళ్లకూ ఆ మాట సంగతి తెలుసు. ఆయన యాభై ఏళ్లు నిలబెట్టుకున్న మాటను మేం ఒక్క పూటలో పోగొట్టలేదు. ఇంటికి వచ్చాక ఎవరో మంచం ఎత్తి, గోడకు నిలువుగా ఆనించి పెట్టారు.

ఆ తర్వాత అవ్వ మామూలుగానే ఉంది అనుకున్నాను. కోళ్లకు నూకలు వేసేది, చర్చికి వచ్చేది, చుట్టాలు వస్తే మాట్లాడేది. ఒకరోజు ఎండ గడప దాటి లోపలికి వచ్చినా పొయ్యి వెలగలేదు. చూస్తే అవ్వ పొయ్యి ముందు పీట మీద కూచుని ఉంది. పక్కన చాయ్ గిన్నె, నీళ్లు కూడా పోయలేదు.

"ఏమైందే అవ్వ? పానం బాగలేదా?"

"పానానికేమైంది. చప్పుడు రాలే గదా బిడ్డ, తెల్లారింది తెల్వలే."

నేను పక్కన కూలబడ్డాను. అవ్వ నా వైపు తిరిగింది. "మీ బాపు చప్పుడు పట్టుకున్నవంట గద నీ దాంట్ల. జర వినిపియ్యరాదు?"

అంతకంటే నేను చేయగలిగింది ఏముంది? ఎంత సంతోషంగా పరిగెత్తానో. కిక్, బేస్ అన్నీ ఆపేసి, వట్టి నాలుగు దెబ్బలు మాత్రం స్పీకర్‌లో పెట్టాను. అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. కాసేపటికి చెంగు దించేసింది.

"గిది మీ బాపు కాదు."

"బాపుదే అవ్వ. మంచం చప్పుడే."

"మంచం మనదే. కొట్టింది ఆయన కాదు. ఎవలో చదువుకున్నోళ్లు కొట్టినట్టున్నది." నా ముఖం చూసి ఆమెకే జాలి వేసినట్టుంది. నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. ఆ రోజు మొయినాబాద్ రోడ్డు సంగతి మొత్తం మొదటిసారి ఆమె నోట విన్నాను.

అవ్వ పుట్టిల్లు మొయినాబాద్‌లో రోడ్డు మీదే. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. పొద్దున కుర్రాళ్ల గుంపు పోతుంటే గడపలో నిలబడి చూసింది. డప్పు పిలగాడిని అప్పుడే మొదటిసారి చూడడం. "పొయ్యేటప్పుడు సక్కగ కొట్టిండు. కుడి అడుగు మీద మూడు, ఎడమ అడుగు పడంగనే నాలుగోది. ఒకటే తీరుగ." సాయంత్రానికి ఊళ్లోకి కబురు వచ్చింది, చేవెళ్ల దగ్గర పోలీసులు కొట్టారని, పిల్లలంతా చెల్లాచెదురైపోయారని. తల్లులు రోడ్డు మీదికి వచ్చి ఏడుస్తున్నారు. పొద్దు గుంకే వేళకు దూరంగా డప్పు వినపడింది.

"దెబ్బలు తిన్న పోరగాండ్లు జొన్నచేన్లల్ల దాక్కున్నరంట. ఎవలు ఎక్కడున్నరో ఎట్ల తెలుస్తది? మీ బాపు డప్పు కొట్టుకుంట వచ్చిండు. చప్పుడు విని ఒక్కొక్కడే చేన్లల్లకెల్లి రోడ్డెక్కిండ్రు. పోలీసులు మళ్ల వస్తె ముంగట దొరికేది ఆయనే గద. గదేం ఫికర్ లేదు. గంత దూరం, గా మోకాలితోని." అవ్వ నేల మీద వేళ్లతో కొట్టి చూపించబోయి ఆగిపోయింది. "కుడికాలు మీద నిలవడి మూడు కొట్టేది. ఎడమకాలు ఈడ్సుకొచ్చినంక నాలుగోది. గప్పటిసంది గట్లనే. మంచం మీద కొట్టినా గట్లనే. నాలుగోది వచ్చేదాక నేను ఊపిరి పట్టుకుంట. గది పడంగనే, ఆఁ, వచ్చిండు అనుకుంట."

నేను గింత సక్కగ ఎన్నడు నడ్సిన్న?

ఆయన సరిగ్గానే విన్నాడు. సరిగ్గానే చెప్పాడు. చెవిటిది నేను. ఆయన బతుకులో ఆయన ఎవరికీ చెప్పుకోని ఒకే ఒక్క గొప్ప పని ఆ ఆలస్యంలో ఉంది. దాన్ని నేను తప్పు అనుకుని దిద్దాను. దిద్ది, అసలుది చెత్తలో వేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెతుకులాట మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ అంతా గాలించాను. రికార్డర్ కార్డు పట్టుకుని మెహదీపట్నంలో తుడిచినవి తిరిగి తీసే షాపుకు పోయాను. ఆ అబ్బాయి గంటసేపు చూసి, "దీని మీద వేరేది ఎక్కించిండ్రు మేడమ్. రాదు" అన్నాడు. ఏం ఎక్కిందని అడిగితే పెట్టి వినిపించాడు. మా కాలేజీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ఉపన్యాసం. క్రమశిక్షణ గురించి నలభై నిమిషాలు. నేనే రికార్డు చేశాను. ఆ షాపులో నవ్వాలో ఏడవాలో తెలియక, నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చాను.

ఇక మిగిలింది నా చేతుల్లో ఉన్న నాలుగు దెబ్బలే. నాలుగోదాన్ని పట్టుకుని గీత మీది నుంచి కొంచెం వెనక్కి జరిపాను. అవ్వను పిలిచాను. "తాగినోని నడక లెక్కున్నది" అంది. ముందుకు జరిపాను. "గిదేంది, గాబర పడుతున్నడు?" ఇంకొంచెం వెనక్కి. "గిది ఇంకెవనిదో." వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుపుతూ రెండు నెలలు గడిపాను. సంగీతం నేర్చుకున్న ఏళ్లన్నిటిలో అంత కఠినమైన గురువు నాకు దొరకలేదు. ప్రతిసారీ ఆమె ఆశగా వచ్చి కూచునేది. ప్రతిసారీ చెంగు దించేది. ఒకనాటికి, "ఇడిసిపెట్టు బిడ్డ. పోయినోళ్లు వస్తరా" అని, పిలిస్తే రావడం కూడా మానేసింది. పొయ్యి దగ్గర మాత్రం పొద్దున అట్లాగే ఆలస్యంగా కూచునేది.

నాకు వేరే ఏ కోరికా లేకుండా పోయింది. ఆ నాలుగో దెబ్బ ఒక్కసారి, ఒక్కసారి సరిగ్గా పడాలి. అవ్వ ఊపిరి పట్టుకుని, వదలాలి. అంతే.

ఒక శనివారం ఆ దారిలో నేనే నడిచి చూద్దామని మొయినాబాద్‌లో బయల్దేరాను. చేవెళ్ల వైపు రెండు మైళ్లు కూడా పోలేదు. కార్లు, టిప్పర్లు, ఫామ్‌హౌస్ గేట్లు, హారన్లు. నా అడుగు నాకే వినపడలేదు. పైగా ప్రతి ఆటో పక్కన ఆగి, "చేవెళ్ల, చేవెళ్ల! ఎక్కు అక్కా!" ఆరో ఆటో కూడా ఆగేసరికి, రోడ్డు దాటి ఎదురుగా వచ్చే ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంటుంటే అవ్వ అడిగింది, ఎక్కడికి పోయినవని. చెప్పాను.

"పిచ్చిపిల్ల" అంది. చీపురు పక్కన పెట్టి, నా వైపు చూడకుండానే అంది. "కూసోని మిషిన్ల జరిపితె ఎట్లొస్తది? ఆయన మంచం మీద పండుకోని కొట్టినా లోపల నడుస్తనే ఉండె."

తెల్లారితే ఆదివారం. నాకు పొద్దున్నే మెలకువ వచ్చింది. బాపు గదిలోకి పోయాను. మంచం గోడకు నిలువుగా అట్లాగే ఉంది. పట్టె మీద బాపు వేళ్లు ఆడిన చోటు నా ఛాతీ ఎత్తున ఉంది. దాని పక్కకు చూస్తే రూపాయి బిళ్లంత మైకు ఇంకా అంటుకునే ఉంది. నేను అంటించి మరిచిపోయిందే. వైరు చుట్ట కింద వేలాడుతోంది. రికార్డర్ తెచ్చి తగిలించాను. తలుపు వెనక బాపు చెప్పులు ఉన్నాయి. కుడిది బాగానే ఉంది. ఎడమది ముందువైపు అరిగి అరిగి కాగితంలా అయింది, యాభై ఏళ్లు నేలను రాసుకుంటూ నడిచిన కాలు కదా. వేసుకున్నాను. నాకు బాగా పెద్దవి. ఎడమది కాలు ఎత్తితే ఊడిపోతోంది, ఈడ్చుకుంటేనే వస్తుంది.

గీతలు లేవు, నూట పద్దెనిమిది లేదు, ల్యాప్‌టాప్ అసలు తెరవనే లేదు. నిలబడ్డ చోటే అడుగులు వేశాను. కుడికాలు మీద నిలబడి మూడు. ఎడమకాలు ఈడ్చుకుని, అది నేలకు ఆనాక నాలుగోది. మొదట్లో అంతా తికమక. చేతి తొందర చేతిది. కాలు రాకముందే చెయ్యి పడుతోంది. ఇన్నేళ్లూ చెయ్యి చెప్పినట్టే విన్నాను, దాన్ని ఆపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాసేపటికి లెక్కపెట్టడం మానేశాను. చేన్లలో ఎవరో దాక్కున్నారనుకున్నాను. వాళ్లకు వినపడాలనుకున్నాను. కాలు ఎప్పుడు వస్తే అప్పుడే కొట్టాను. ఎంతసేపు కొట్టానో తెలియదు, కళ్లు మూసుకున్నాను.

వంటింట్లో గిన్నె చప్పుడయింది.

"లేసినవా? వస్తున్న ఆగు."

నా చెయ్యి ఆగలేదు, అదెట్లా ఆగలేదో నాకు తెలియదు. పొయ్యి వెలిగింది. నీళ్లు మరిగాయి. కాసేపటికి అవ్వ గడపలోకి వచ్చింది. చేతిలో బాపు వెడల్పు గాజు గ్లాసు, నిండా చాయ్. గోడకు నిలబెట్టిన మంచం చూసింది. నా కాళ్లకున్న చెప్పులు చూసింది. గ్లాసు ఒరిగి, చాయ్ ఇంత కింద ఒలికింది. అప్పుడు ఆగాను. తప్పు చేసిన పిల్లలా నిలబడ్డాను. ఆమెను మోసం చేసినట్టు అనిపించింది.

అవ్వ లోపలికి వచ్చి, గ్లాసు కిటికీలో పెట్టి, గోడకు ఆనుకుని కింద కూచుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపినవేంది?" అంది. "కొట్టు. ఇంకా అందరు రోడ్డెక్కలే."

కొట్టాను. మూడు దెబ్బలు పడ్డాక నాలుగోదాని కోసం ఆమె ఊపిరి పట్టుకోవడం నాకు వినపడింది. పడ్డాక వదలడం కూడా. చర్చి గంట కొట్టేదాకా అట్లాగే ఉన్నాం. తర్వాత చల్లారిన ఆ చక్కెర లేని చాయ్ ఇద్దరం చెరి సగం తాగాం.

ఆ పొద్దుటి రికార్డు నా దగ్గర ఉంది. దానికి కిక్ పెట్టలేదు, బేస్ పెట్టలేదు, ఏ గీత మీదా నిలబెట్టలేదు. చెప్పు నేలను రాసిన చప్పుడు ఉంది, గిన్నె చప్పుడు ఉంది. మధ్యలో ఒకచోట, నాలుగో దెబ్బ పడగానే, "లేసినవా? వస్తున్న ఆగు" అని దూరంగా మా అవ్వ గొంతు ఉంది. నేను తీసెయ్యలేదు.